ముప్ఫయ్యో పట్టిక

ఆగస్టు 4

మరదలి థీసిస్ మా డీటీపీ షాపుకే వచ్చింది. మధ్యాహ్నం నేను వాళ్ళ పాప బొంగరాన్ని బడి నుంచి తేవడానికి వెళ్ళినప్పుడు తమ్ముడు వచ్చి కామాగారి బల్ల మీద పెట్టి వెళ్ళాడట. నన్ను అడిగితే కాదంటానని భయం కాబోలు. అడిగితే కాదనేదాన్ని కాదు. కానీ అడగాలి.

మూడువందల పన్నెండు పేజీలు, నలభై ఒక్క పట్టికలు. పాఠమంతా ఆవిడే టైపు చేసుకుంది. పట్టికలు మాత్రం తెల్లకాగితాల మీద చేత్తో గీసి ఇచ్చింది. నాలుగో అధ్యాయం ఇంకా రాస్తోందట, అది ముక్కలుగా వస్తుందట. "మీ ఇంటి పనేగా, మీరే చేసెయ్యండి" అన్నారు కామాగారు. ఓనరుకి ఆ పేరు పెట్టింది నేనే, పద్నాలుగేళ్ళ క్రితం, ఒక్క కామా కోసం నాచేత నలభై పేజీలు మళ్ళీ తీయించినప్పుడు. ఇప్పుడు ఆయన వెనకాల అందరూ అదే పేరు.

మా ఇంటి పని! ఇంట్లో చేస్తున్నదీ ఆవిడ పనే. బొంగరానికి నాలుగున్నరేళ్ళు. అందులో నాలుగేళ్ళు నా చేతుల్లోనే గిరగిరా తిరిగింది. పొద్దున జడ వేసి బడికి పంపేది నేను. పన్నెండున్నరకి తెచ్చి షాపులో నా బల్ల పక్కన చాప వేసి కూర్చోబెట్టేది నేను. ఐదింటికి వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోతుంది, తయారైన సరుకు డెలివరీ తీసుకున్నట్టు.

ఆగస్టు 6

మొదటి పట్టిక మూడు గంటలు తినేసింది. ఇలాంటివి నేనెప్పుడూ కట్టలేదు. ఎలా కట్టాలో ఇక్కడ రాసి పెట్టుకుంటాను, లేకపోతే రేపు మళ్ళీ మొదటికొస్తుంది.

ఒకే మాటని జనం నాలుగు రకాలుగా పలుకుతారనుకో. ఆ నాలుగూ నాలుగు అడ్డ వరసలు. పైన నిలువు గడులకి నియమాల పేర్లు. "విడవకు" అంటే ఏ ధ్వనినీ వదిలేయకూడదు. "గుద్దుకోకు" అంటే రెండు హల్లులు ఒకదానికొకటి తగలకూడదు. "కుదించు" అంటే ఎంత పొట్టిగా పలికితే అంత మంచిది, ఎన్ని అక్షరాలుంటే అన్ని తప్పులు. తప్పు చేసిన ప్రతిసారీ ఆ గడిలో ఒక చుక్క. చుక్కంటే నక్షత్రం గుర్తు, మా షాపులో అలాగే అంటాం. ఏ తప్పుతో ఆ మాట పోటీలోంచి పోయిందో అక్కడ చుక్క పక్కనే ఆశ్చర్యార్థకం. ఆ తర్వాత కుడివైపు గడులన్నీ బూడిద రంగు. గెలిచిన మాటకి కూడా, గెలుపు తేలిపోయాక మిగిలిన గడులన్నీ బూడిదే. బూడిదలో ఎన్ని చుక్కలున్నా లెక్కలోకి రావు. గెలిచిన వరస ముందు వేలు చూపిస్తున్న చెయ్యి బొమ్మ.

అసలు కిటుకంతా నిలువు గడుల క్రమంలో ఉంది. ఎడమ చివర ఏ నియమం ఉంటే దానిదే పెత్తనం. అక్కడ తప్పు చేసినవాడు తర్వాత ఎంత మంచివాడైనా పోయినట్టే. అవే మాటలు, అవే చుక్కలు ఉంచి గడులు అటూ ఇటూ మార్చండి, గెలిచేవాడు మారిపోతాడు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మూడో పట్టికకి నేనే కనిపెట్టాను. డిగ్రీ లేకపోతే బుర్ర లేనట్టు కాదు.

సరదాకి మా వాళ్ళందరినీ గీసుకున్నాను. మరదలికి "అబద్ధమాడకు" శుభ్రం. "గొంతు పెంచకు" శుభ్రం. "చేసినవాళ్ళ చెయ్యి గుర్తుంచుకో" దగ్గర మూడు చుక్కలు. ఆ గడిని ఎడమ చివరికి జరిపాను. నా పట్టిక, నా ఇష్టం.

ఆగస్టు 9

ఎనిమిది పట్టికలయ్యాయి. చేతికి దారి దొరికింది. ఒకటి కట్టాక దాన్నే కాపీ చేసి, మాటలూ చుక్కలూ మార్చుకుంటే గంటలో అయిపోతోంది.

మా షాపులో మొదటినుంచీ ఒక పద్ధతి. కాగితం అంచున రాసిన ప్రతి సూచన దగ్గరా, అది చదివి పని చేశాక, పెన్సిలుతో టిక్కు పెట్టాలి. టిక్కు లేకపోతే పని కానట్టు. టిక్కు ఉంటే చదివినట్టు, చేసినట్టు. బొంగరం నన్ను చూసి పాడైన ప్రూఫుల మీద టిక్కులు పెడుతుంది. ఇవాళ కామాగారి లెటర్‌హెడ్డు మీద పెట్టింది. ఆయన కోపంగా చూస్తే, "చదివేశా" అంది. ఆయన కూడా నవ్వారు, కామా అంత.

ఆగస్టు 14

ఐదింటికి మరదలు వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. సెప్టెంబరు పదిహేనుకల్లా థీసిస్ ఇచ్చేయాలట. బయటి పరీక్షకుడి రిపోర్టు నవంబరులో వస్తుంది. అది బాగుంటే వాళ్ళ డిపార్టుమెంటులో పర్మనెంటు ఉద్యోగం ఈవిడది. లేకపోతే ఈవిడ వెనక నిలబడినవాళ్ళకి పోతుంది, మళ్ళీ అలాంటి ఖాళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆరేళ్ళ నుంచి ఆ కుర్చీ చుట్టూ తిరుగుతోంది. "మీరున్నారు కాబట్టి ధైర్యంగా ఉంది వదినా" అంది. అలాంటి మాటలు ఆవిడకి ఊరికే వస్తాయి.

పోయిన ఏడాది శనివారం మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఫోను బల్ల మీద పెట్టి ఏదైనా మాట్లాడమనేది. నా చిన్నప్పటివీ, షాపువీ, నాన్న మంచం పట్టినప్పుడు నేను ఆఖరి ఏడు కాలేజీ వదిలి తమ్ముణ్ణి చదివించిందీ, అన్నీ చెప్పేదాన్ని. మా ఆయన ఇన్నేళ్ళలో అంతసేపు నా మాట వినలేదు. మధ్యలో నవ్వి, ఆ మాట మళ్ళీ ఒకసారి అనమనేది. నా మాట బాగుంటుందనే అనుకున్నాను. టీ రెండుసార్లు పెట్టేదాన్ని.

ఆగస్టు 21

నాలుగో అధ్యాయంలో మొదటి ముక్క వచ్చింది. ఇరవై తొమ్మిదో పట్టిక. నాలుగు వరసలు:

చూసుకుంటాను.
చూస్కుంటాను.
చూసుకుంటా.
చూస్కుంటా.

మొదటి గడి "విడవకు". తర్వాత "గుద్దుకోకు". ఆఖరున "కుదించు". చెయ్యి మొదటి వరస మీద. నాలుగో వరస మొదటి గడిలోనే ఆశ్చర్యార్థకంతో పోయింది. వరస మొత్తం మీద ఏడు చుక్కలు, అందరికన్నా ఎక్కువ. ఇదంతా మామూలే, ఇరవై ఎనిమిది కట్టినదాన్ని. పట్టిక కింద చిన్న అక్షరాలు చదివేదాకా మామూలే.

"నాలుగో రూపం వినిపించిన వాక్యం: నువ్వు చదువుకో, పాపని నేను చూస్కుంటా. వక్త 3. స్త్రీ, 48, డిగ్రీ మధ్యలో ఆగిపోయింది."

నేను. అది నేను.

ఆ మాట ఎప్పుడన్నానో నాకు బాగా గుర్తుంది. బొంగరానికి ఆరో నెల. ఆవిడ మా గుమ్మంలో పిల్లనెత్తుకుని నిలబడి చదువు మానేస్తానని ఏడుస్తోంది. నేను పిల్లని అందుకుని ఆ మాటన్నాను. ఆ రోజు ఫోనూ లేదు, రికార్డూ లేదు. అంటే మనసులో పెట్టుకుని ఇంటికెళ్ళి రాసుకుందన్నమాట. అన్ని శనివారాలూ నేనేం చెప్పానో ఆవిడ వినలేదు, ఎలా చెప్పానో విన్నది. ఏ అక్షరం మింగానో, ఏ హల్లు గుద్దానో. నేను టీ పెట్టడానికి లేస్తే చుక్కలు లెక్కపెట్టుకుని ఉంటుంది.

నా వరసకి బూడిద రంగు నాచేతనే వేయించింది. వేశాను. చాలా నీటుగా వేశాను.

ఆగస్టు 22

డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. బస్సు ఆగిపోయినట్టు.

ఆగస్టు 24

ఈయనకి చెప్పాను. పేపరు మీద నుంచి తల ఎత్తకుండా "నువ్వు అట్లాగే అంటావుగా" అన్నాడు. అదీ సానుభూతి.

అద్దం ముందు నిలబడి పది సార్లు అన్నాను. చూసుకుంటాను. చూసుకుంటాను. అందులో నేను లేనట్టే ఉంది, ఎవరో ప్రకటన చదువుతున్నట్టుంది. అయినా నేర్చుకుంటాను.

ఆగస్టు 26

తమ్ముడికి ఫోన్ చేసి నడుం పట్టేసిందని చెప్పాను. వారం పది రోజులు పాపని తేలేను, షాపులో ఉంచుకోలేను అన్నాను. నడుం నిజంగానే కొంచెం లాగుతోంది. వంగితే తెలుస్తుంది.

సూపర్‌వైజరు గదిలో కూర్చోవలసిన ఈ పది రోజులూ ఆవిడ పిల్లని చంకనేసుకుని తిరగనీ. పిల్ల పెంపకం ఎన్ని చుక్కలో తెలుస్తుంది.

ఆగస్టు 27

బల్ల పక్కన చాప చుట్టి గోడకి ఆనించాను. షాపు ఎంత ప్రశాంతంగా ఉందో. పని తెగ సాగుతోంది.

ఆగస్టు 28

పని సాగలేదు.

ఆగస్టు 29

నాలుగో అధ్యాయం రెండో ముక్క. ముప్ఫయ్యో పట్టిక. మళ్ళీ అవే నాలుగు మాటలు, అవే మూడు నియమాలు, అవే చుక్కలు. ఒకసారి బూడిద పోసింది చాలక మళ్ళీ నన్ను తెచ్చి నిలబెట్టింది. చెయ్యి మాత్రం ఎక్కడో కింద గీసింది. తొందరలో రాసినట్టుంది. అంచున ఎర్రసిరాతో ఏదో ఉంది. ఎర్రసిరా అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట, బళ్ళో మేష్టరు చేతిలో ఉండేది.

ఇరవై తొమ్మిదిని కాపీ చేసి నంబరు మార్చాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎప్పుడూ చేసే పద్ధతే.

ఆగస్టు 30

బొంగరానికి జ్వరం. నాలుగు రోజులు మధ్యాహ్నమంతా యూనివర్సిటీ వరండాలో, ఫ్యాను లేని చోట కూర్చోబెట్టుకుందట. పిల్లల్ని పెంచడం పుస్తకాల్లో రాసినట్టు ఉండదు.

నాలుగో అధ్యాయం ప్రూఫు సిద్ధంగా ఉందని మరదలికి ఫోన్ చేశాను. నా పని నేను చేశాను, ఎవరూ వేలెత్తి చూపించడానికి లేదు. వెనకాల పిల్ల ఏడుపు. ప్రూఫు ఇంటికి పంపించమంటారా అన్నాను. మీరు అని ఎప్పుడూ అనను ఆవిడని, ఇవాళ అన్నాను.

"పాప నా మీద నుంచి దిగట్లేదు వదినా. మిగతావన్నీ నేనే చూస్తాను, ఈ ఒక్క అధ్యాయం మీరు చూడగలరా? మీ కన్ను నాకన్నా పదునైంది."

"నేను చూస్కుంటా" అన్నాను.

ఇన్ని రోజులు అద్దం ముందు సాధన చేస్తే, నోటికి పాత మాటే వచ్చింది. ఫోను పెట్టేశాక దానికే ఎక్కువ ఒళ్ళు మండింది.

సెప్టెంబరు 4

జ్వరం తగ్గింది. నా నడుమూ తగ్గింది. బొంగరం వచ్చి చాప తనే పరుచుకుంది. చిక్కిపోయింది పిల్ల. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మిగిలిన పట్టికలు కట్టాను. జుట్టు వాసన మారలేదు.

సెప్టెంబరు 11

బైండింగ్ అయింది. నీలం అట్ట, బంగారు అక్షరాలు. ఐదు కాపీలు. కామాగారు పేజీలు తిరగేసి, పట్టికలు బాగా కుదిరాయన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ఇన్నేళ్ళలో రెండోసారి. నూట తొంభై ఆరో పేజీ, ముప్ఫయ్యో పట్టిక దగ్గర ఆగారేమోనని చూశాను. ఆగలేదు.

ఆవిడ వచ్చి కాపీలు తీసుకుని, నన్ను కావలించుకుంది. షాపులో అందరి ముందూ. నేను కర్రలా నిలబడ్డాను.

సెప్టెంబరు 15

ఇచ్చేసిందట.

సెప్టెంబరు 30

ముప్ఫయ్యో పట్టిక గురించి నేను ఆలోచించడం లేదు. పరీక్షకులు మూడువందల పేజీలూ చదువుతారా ఏమిటి. మొదటిదీ ఆఖరుదీ చూసి సంతకం పెడతారు. కామాగారే అన్నారు.

అయినా ఆవిడ గీసిందాంట్లోనే తప్పు ఉండి ఉంటుంది. నేను సరిచేసినట్టే అయింది.

అక్టోబరు 19

ఆలోచించడం లేదు.

నవంబరు 17

తమ్ముడు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. థీసిస్ వెనక్కి వచ్చింది. రిపోర్టులో ఒక పేరా ఫోనులో చదివి వినిపించాడు. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. నాకు కంఠతా వచ్చేసింది.

"నాలుగో అధ్యాయం ఈ గ్రంథానికి వెన్నెముక అని పరిశోధకురాలు చెప్పుకున్నారు. ఆ అధ్యాయం నిలబడేది 29, 30 పట్టికల తేడా మీద. కానీ రెండూ ఒకే పట్టిక. పాఠంలో నాలుగో వరస గెలిచిందంటారు, పట్టికలో మొదటి వరస గెలిచింది. తన పట్టిక తనకే అర్థం కాని వ్యక్తికి పట్టా ఇవ్వడం తొందరపాటు."

ఆరు నెలల తర్వాత మళ్ళీ ఇచ్చుకోవచ్చట. ఉద్యోగం నిన్ననే ఇంకొకరికి ఖాయమైంది. రాత్రి నుంచి మరదలు ఏడవను కూడా లేదట, గోడ వైపు తిరిగి పడుకుందట. "తప్పు తనదేనంటోందక్కా. ప్రూఫు తను చూసుకోవలసిందట" అన్నాడు.

అవును, తనే చూసుకోవలసింది. నేనూ అదే అన్నాను వాడితో. వాడు వెళ్ళాక కడుపు చల్లబడుతుందని కాసేపు కూర్చున్నాను. మూడు నెలలుగా ఎదురుచూసింది దీనికే కదా. చల్లబడలేదు. అన్నం వండటం మర్చిపోయాను.

నవంబరు 19

అంతా వరసగా రాస్తాను. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పదకొండింటికి మరదలు షాపుకి వచ్చింది. బొంగరం బళ్ళో ఉంది. ఆవిడ చేతిలో నీలం అట్ట పుస్తకం, తను గీసి ఇచ్చిన కాగితాల కట్ట. పని అయ్యాక కాగితాలు తిరిగి ఇచ్చేయడం మా షాపు మర్యాద, నేనే కవర్లో పెట్టి ఇచ్చాను. ఆవిడ మొహంలో కోపం లేదు. అది ఉండి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆవిడ కాగితం నా బల్ల మీద పెట్టి, ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుందో ఇద్దరం చూద్దామంది. మళ్ళీ ఇచ్చేటప్పుడు ఇలాంటిది జరగకూడదు కదా అంది. నన్ను అడగడానికి కాదు, నాతో కలిసి చూడడానికి వచ్చింది.

కాగితం మీద మొదటి గడి "కుదించు". ఆ తర్వాతే "విడవకు", "గుద్దుకోకు". చెయ్యి నాలుగో వరస మీద ఉంది. ఎర్రసిరాతో, పెద్ద పెద్ద అక్షరాలతో: "వదినా, 29కీ దీనికీ గడుల క్రమం మారింది, చెయ్యి కూడా మారింది. దయచేసి దాన్ని కాపీ చేయకండి."

ఆవిడే నాలుగో వరస మీద వేలు పెట్టింది.

"ఇది మీరే వదినా. పాత పుస్తకాలన్నీ దీన్ని తప్పుమాట అన్నాయి, 29లో చూపించింది అదే. వాళ్ళ క్రమం తప్పు, మనుషుల నోట్లో గెలిచేది ఇదే అని 30లో చెప్పాను. మీ ఏడు చుక్కల్లో నాలుగు బూడిదలో పడిపోతాయి, చూడండి. లెక్కలోకి రావు."

పాప మొదట పలికిన పూర్తి మాట అదేనట. ఏడాదిన్నర పిల్ల గిన్నె లాక్కుని చూస్కుంటా అందట, అచ్చం నా గొంతుతో. ఆ రోజు ఆవిడ అప్పటిదాకా రాసిన విషయం పక్కన పడేసి ఇది మొదలుపెట్టిందట. మూడేళ్ళు.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది. మరి డిగ్రీ మధ్యలో ఆగిపోయిందని ఎందుకు రాశావు అని అడిగాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. తర్వాత కట్టలోంచి ఒక ఫారం తీసింది. పేరు, వయసు, చదువు. నా చేతిరాత. చదువు దగ్గర నేనే రాశాను, ఆ మాటలే, ఆ వరసలోనే. పోయిన ఏడాది, టీ కప్పు పక్కన పెట్టుకుని.

అప్పుడు చూసింది ఆవిడ. ఎర్రసిరా మాటల పక్కన పెన్సిలు టిక్కు. తోక కాస్త పైకి లేచిన టిక్కు. ఈ షాపులో అలా పెట్టేది నేనొక్కదాన్నే. ఆ రోజు పెట్టినట్టు నాకు గుర్తు లేదు. గుర్తు లేదు అంటే, ఇప్పుడు గుర్తుంది.

ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది. అప్పటిదాకా ఆ కళ్ళలో లేనిది మెల్లగా వస్తోంది. అక్కడ ఒక్క మాట చాలు. తప్పయింది అంటే చాలు. నోరు తెరిచాను.

"బొంగరం పెట్టి ఉంటుంది. ఎప్పుడూ నా కాగితాల మీద గీస్తుంది కదా" అన్నాను.

అన్నాను. నాలుగున్నరేళ్ళ పిల్ల మీద పెట్టాను.

కామాగారి కలం ఆగిపోయింది. మరదలు కాగితం మీద తేదీ చూసింది. వచ్చిన రోజు తేదీ ముద్ర వేయడం కూడా మా షాపు పద్ధతే.

"ఆ వారం పాప ఇక్కడికి రాలేదు వదినా. మీకు నడుం నొప్పి."

గొంతు పెంచలేదు. ఆ గడి ఎప్పుడూ శుభ్రమే. కాగితాలు ఒక్కొక్కటే సర్దింది, ఫారం కూడా. పుస్తకం మీద పెట్టి రబ్బరు బ్యాండు వేసింది. రెండుసార్లు జారిపోయింది చేతిలోంచి, నేను అందుకోబోతే వద్దని తల ఊపింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"పాపని ఇక మేమే చూసుకుంటాము."

ఒక్క ధ్వని కూడా విడవలేదు. ఏ హల్లునీ గుద్దలేదు. ఆఖరి అక్షరం దాకా పూర్తిగా పలికింది, మూడేళ్ళుగా తను ఓడుతుందని రాస్తూ వచ్చిన మొదటి వరస పలుకులో. నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

నవంబరు 20

కామాగారు నేను కట్టిన పట్టికలన్నీ ఇంకొకరిచేత చూపిస్తున్నారు.

నవంబరు 24

ఈయన అడిగాడు, పాప ఏదని. నడుం నొప్పి అని చెప్పాను.

డిసెంబరు 2

ముప్ఫయ్యో పట్టిక మళ్ళీ కట్టాను. "కుదించు"ని ఎడమ చివరికి తెచ్చాను. మొదటి మూడు వరసల్లో ఆశ్చర్యార్థకాలు ఎక్కడ పడాలో అక్కడ వేశాను. నాలుగో వరసకి చెయ్యి. దాని నాలుగు చుక్కల మీద బూడిద. పావుగంట పని. ప్రింటు తీశాను. టిక్కు పెట్టబోయి మానేశాను. థీసిస్ ఇప్పుడు వేరే షాపులో ఉందట, ఎక్కడో తమ్ముడు చెప్పడు.

పన్నెండున్నరకి ప్రింటు మడిచి సంచిలో పెట్టుకుని బడి గేటు దాకా వెళ్ళాను. వాళ్ళమ్మ ఇంకా రాలేదు. బొంగరం మెట్టు మీద కూర్చుని చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. నన్ను చూసి లేవలేదు. జడలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. వాళ్ళమ్మ వేసినవే.

పట్టీ దాని చేతికి అందడం లేదు. పక్కన కూర్చుని చెయ్యి వేయబోయాను. కాలు వెనక్కి లాక్కుంది.

"నువ్వెళ్ళిపో అత్తా. నేను చూస్కుంటా."

ఆఖరి మాట మూడే అక్షరాలు, అచ్చం నా గొంతుతో. లేచి గేటు బయటికి వచ్చాను. అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను, పట్టీ మూడోసారికి పెట్టుకుంది.